పలుగురాయి పొడి

1930 ఏప్రిల్‌లో కోలారు బంగారు గనుల్లో పని ఆగిపోయింది. గనిలోకి దిగేది లేదని వేలమంది కూలీలు భీష్మించుకు కూర్చున్నారు. తగాదా కూలి డబ్బుల దగ్గర మొదలు కాలేదు, వేలిముద్రల దగ్గర మొదలైంది. ప్రతి మనిషి వేలిముద్రా తీసి పుస్తకంలో ఎక్కిస్తామని కంపెనీలు అన్నాయి. ఆ రోజుల్లో వేలిముద్ర అంటే పోలీసుల వ్యవహారం. పైగా మైసూర్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ అని పేరుకు నాలుగు కంపెనీలున్నా పెత్తనమంతా లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థదే. ఒక గనిలో పేరు చెడితే మిగతా మూడింట్లోనూ తలుపు మూసుకున్నట్టే. సమ్మె సుమారు మూడు వారాలు నడిచింది.

ఆ సమ్మెకు కొద్ది రోజుల ముందే, మార్చి నెలాఖర్లో, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక సొరంగం పని మొదలైంది. ఆ ఆగస్టులోనే జొహానెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక సదస్సు పెట్టింది. రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ గురించి నాలుగైదు ఖండాల వైద్యులు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ మూడు సంఘటనలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అయినా రాతి దుమ్ము చరిత్ర చెప్పుకోవాలంటే మూడింటినీ పక్కపక్కనే పెట్టుకోవాలి. ఈ కథలో వైద్యానికి అంతుచిక్కని సంగతులు తక్కువే. పుస్తకంలోకి ఎక్కకుండా పోయిన మనుషులే ఎక్కువ.

రాయి కొట్టేవాడికి ఆయాసం వస్తుందన్న సంగతి కొత్తదేమీ కాదు. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలోనే, కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరసగా పోగొట్టుకున్న ఆడవాళ్లున్నారన్న ప్రస్తావన ఉంది. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాస్తూ రాతిపనివాళ్ల ఊపిరితిత్తుల సంగతీ రాశాడు. రోగిని అడిగే ప్రశ్నల్లో ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అన్నది కూడా చేర్చమని వైద్యులకు చెప్పినవాడు ఆయనే. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న అడగని క్లినిక్కులు ఎన్ని లేవు!

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తులకూ ఫోర్కులకూ పేరుపడ్డ ఊరు. తిరిగే ఇసకరాతి చక్రం మీద ఉక్కును ఆనించి పదును పెట్టేవారు. కత్తులకు చక్రం తడిపేవారు, ఫోర్కులను పొడి చక్రం మీదే అరగదీసేవారు. ఫోర్కు పనివాళ్లు ముప్ఫై ఏళ్లు దాటడమే గగనమని అక్కడి వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ చెప్పాడు. దుమ్మును లాగి బయటికి పంపే ఫ్యాన్లు అప్పటికే వచ్చాయి, ఖరీదూ పెద్దగా లేదు. వాటిని పనివాళ్లలోనే కొందరు వద్దన్నారని ఎంగెల్స్ 1845లో రాశాడు. మనుషులు ఎక్కువకాలం బతికితే పనికి పోటీ పెరుగుతుంది, కూలి పడిపోతుంది అన్నది వాళ్ల లెక్క. వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ ఆ లెక్కను వాళ్ల చేత వేయించిన బతుకు అంతకన్నా ఘోరమైనది.

ఇంతకీ దుమ్ములో ఉన్నదేమిటి? పలుగురాయి, అంటే స్ఫటికరూపంలో ఉన్న సిలికా. భూమ్మీద అది లేని చోటు దాదాపు లేదు. వాగులో ఇసకా అదే, ఇంటి గోడలో గ్రానైటులో మెరిసే తునకా అదే. ఇసకలో ఆడుకున్న పిల్లాడికి ఏమీ కాదు. ఆ రేణువు పెద్దది, ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. రాయిని యంత్రంతో తొలిచినప్పుడు, కోసినప్పుడు, పిండి చేసినప్పుడు పుట్టే అతిసన్నటి రేణువులతోనే చిక్కు. మీటరులో పది లక్షలవ వంతును మైక్రాన్ అంటారు. అయిదు మైక్రాన్లలోపు రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్తాయి. పని అయ్యాక దుమ్ము అణిగింది కదా అని కూలీలు ముఖానికి కట్టుకున్న తువ్వాలు విప్పుతారు; అణిగింది కంటికి కనబడే దుమ్మే, కనబడనిది గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. లోపలికి వెళ్లిన రేణువును శరీరంలోని రక్షక కణం మింగుతుంది. మింగి, అరగదీయలేక, అదే చచ్చిపోతుంది. ఆ రేణువు బయటపడుతుంది, మరో కణం మింగుతుంది. ఈ పోరు జరిగిన చోటల్లా మచ్చ కట్టి గట్టిపడుతుంది. పని మానేసినా లోపల మచ్చ పెరగడం ఆగదు. మందు లేదు. అప్పుడే పగిలిన రాతి పొడి మరీ చెడ్డది. దీనికి తోడు సిలికా పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది. ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోవాలి, కథంతా దాని చుట్టూ తిరుగుతుంది.

1886లో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ దగ్గర బంగారం బయటపడింది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి, అప్పటికే తగరం గనుల్లో ఆరితేరిన పనివాళ్లు ఓడలెక్కి వెళ్లారు. గాలి ఒత్తిడితో నడిచే కొత్త డ్రిల్లు యంత్రాలు వాళ్ల చేతికి వచ్చాయి. చేత్తో సమ్మెట వేసి ఉలితో తొలిచేటప్పుడు వచ్చే దుమ్ము వేరు, ఈ యంత్రం ఊదే దుమ్ము వేరు. జీతాలు బాగుండేవి. 1899లో బోయర్ యుద్ధం వచ్చి గనులు మూతపడ్డాయి, యుద్ధం సర్దుమణిగాక పాత పనివాళ్ల కోసం వాకబు చేశారు. యుద్ధానికి ముందు డ్రిల్లు మీద పనిచేసిన 1,377 మందిలో 225 మంది రెండున్నరేళ్లలో చనిపోయారని తేలింది. చంపింది తుపాకులు కాదు, ఊపిరితిత్తుల జబ్బు. గని ఆగబట్టి లెక్క బయటపడింది. నడుస్తూ ఉంటే పోయినవాడి చోట ఇంకొకడు వచ్చేవాడు, ఎవరూ లెక్కపెట్టేవారు కాదు.

కార్న్‌వాల్‌లో ఇంకో వింత జరిగింది. అక్కడి డోల్‌కోత్ గనిలో పనివాళ్లు పాలిపోతున్నారని 1902లో శరీరశాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్‌ను పిలిపించారు. పాలిపోవడానికి కారణం కొంకిపురుగులని ఆయన తేల్చాడు. అసలు చావుల లెక్క మాత్రం వేరే వైపు చూపించింది. 1904లో ఆయన, ఇద్దరు సహచరులు ఇచ్చిన నివేదిక ప్రకారం డ్రిల్లు యంత్రం మీద పనిచేసినవాళ్లలో చనిపోయినవారు ఇంచుమించు అందరూ ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయారు, సగటున నలభై ఏళ్లు కూడా నిండకుండా. వాళ్లలో చాలామంది ఆఫ్రికాలో సంపాదించుకుని ఇంటికి వచ్చి మంచం పట్టినవాళ్లే.

మందు లేకపోయినా విరుగుడు ఉంది. నీళ్లు. అమెరికాలోని కొలరాడోలో జాన్ జార్జ్ లేనర్ 1897 ప్రాంతంలో బోలు కడ్డీ ఉన్న డ్రిల్లు చేశాడు. ఆ బోలులోంచి మొదట గాలి ఊదాడు. రంధ్రంలోని పొడి అంతా ఎగిసి పనివాడి ముఖాన కొట్టింది. ఎవరూ దాని దగ్గరికి పోనన్నారు. గాలికి బదులు నీళ్లు పంపితే పొడి బురదై కారిపోయింది. అంటే ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికే సగం సమస్యకు పరిష్కారం యంత్రంలోనే ఉంది. అయితే నీళ్ల పైపు వేయాలి, పంపు కావాలి, పని కాస్త నెమ్మదిస్తుంది. లోతు గనుల్లో ఇంకో తిప్పలు కూడా ఉంది. తడితో గాలిలో చెమ్మ పెరుగుతుంది, కింద రాయి వేడిగా ఉంటుంది, చెమట ఆరదు. విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో దుమ్మును నీళ్లతో అణచగానే వడదెబ్బ చావులు మొదలయ్యాయి. 1924లో మొదటివి నమోదయ్యాయి.

దక్షిణాఫ్రికా 1912లో గని కార్మికుల క్షయ చట్టం చేసింది, 1916లో వైద్య బ్యూరో పెట్టింది, ఎక్స్‌రేలు తెప్పించింది. ప్రపంచంలో ఎక్కడా లేనంత శ్రద్ధ అది. అయితే ఆ శ్రద్ధ తెల్ల పనివాళ్ల మీదే. మొజాంబిక్, లెసోతో, ట్రాన్స్‌కై పల్లెల నుంచి కాంట్రాక్టు మీద వచ్చే నల్ల కూలీలు వాళ్లకు ఎన్నో రెట్లు. వాళ్లను వరసలో నిలబెట్టి చూసేవారు, తూకం వేసేవారు. బరువు తగ్గితే క్షయ అని రాసి రైలెక్కించేవారు. ఇంటికి వెళ్లి చనిపోయినవాడు గని లెక్కలోకి రాడు. జొహానెస్‌బర్గ్ సదస్సుకు వచ్చిన వైద్యులు చూసిన గొప్ప గణాంకాల వెనక ఈ ఖాళీ ఉంది. ఆ గణాంకాల బలంతోనే 1934లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిలికోసిస్‌ను పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చేర్చింది. చరిత్రకారుడు జాక్ మక్‌కలక్ 2012లో రాసిన పుస్తకంలో ఆ ఖాళీని విప్పి చూపించాడు. 2019 జులైలో జొహానెస్‌బర్గ్ హైకోర్టు 500 కోట్ల ర్యాండ్ల పరిహార ఒప్పందానికి ఆమోదం తెలిపింది. ఆ డబ్బు పంచడానికి పెట్టిన ట్రస్టుకు పెద్ద పని, పాత కూలీలు, పోయినవాళ్ల వారసులు ఏ పల్లెల్లో ఉన్నారో వెతికి పట్టుకోవడం.

వెస్ట్ వర్జీనియా సొరంగం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, దాని గురించి చాలామందే రాశారు. హాక్స్ నెస్ట్ దగ్గర నదిని మళ్లించి కరెంటు తీయడానికి కొండలోంచి సుమారు మూడు మైళ్లు తొలిచారు. కొండ లోపల రాయి దాదాపు స్వచ్ఛమైన సిలికా. దాన్ని అలాగే తీసుకెళ్లి లోహ కర్మాగారంలో వాడుకున్నారు కూడా. ఆర్థికమాంద్యం రోజులు, దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కూలీలు వేలల్లో దొరికారు. త్వరగా అవుతుందని పొడిగా తొలిచారు. తనిఖీకి వచ్చే ఇంజనీర్లకు ముఖానికి మాస్కులుండేవి, కూలీలకు లేవు. కొందరు ఏడాది తిరక్కుండానే పోయారు. సిలికోసిస్ అంత వేగంగా చంపగలదని వైద్యులు అక్కడ చూశారు. 1936లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణలో 476 చావుల మాట వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత, 1986లో, వైద్యుడు మార్టిన్ చెర్నియాక్ వేసిన అంచనా 764. సొరంగం తవ్వించింది యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ. చెర్నియాక్ పుస్తకం వచ్చేనాటికి భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగి రెండేళ్లు.

మళ్లీ కోలారుకు వద్దాం. కుప్పం, రామకుప్పం వైపు నుంచి చూస్తే ఆ గనులు పక్కూరే. తర్వాతి కాలంలో కోలారు గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ చిత్తూరు జిల్లాలోని బిసానత్తం, చిగురుగుంటలో కూడా బంగారం తవ్వింది. కోలారు కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ దళితులు; చిత్తూరు పల్లెల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ వాళ్లతోపాటు ఉన్నారు. వెదురు తడికలతో కట్టిన తట్టి ఇళ్లు, వరసలకు వరసలు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి మూడేళ్లు ముందే. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లు దాటి లోతుకు వెళ్లింది. అక్కడ బంగారం పలుగురాతి పొరల్లో ఉంటుంది. తొలిచేదీ ఆ రాయే, పేల్చేదీ ఆ రాయే, పైకి తెచ్చి మిల్లులో పిండి చేసేదీ ఆ రాయే.

ఇంత సిలికా మధ్య పనిచేసే మనుషుల ఊపిరితిత్తుల్లో ఏముందో చూడటానికి అరవై ఏళ్లు పట్టింది. 1940లో మైసూరు సంస్థానం సిలికోసిస్ నిబంధనలు తెచ్చింది. ఆ ఏటి నుంచి 1946 దాకా 7,653 మంది కూలీలను పరీక్షించారు. నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉంది. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది కోలారులోనే అని వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాలు రాస్తాయి, 1947 అని సంవత్సరం కూడా ఇస్తాయి. ఆ మాట చదివితే జబ్బు అప్పుడే పుట్టిందేమో అనిపిస్తుంది. పుట్టింది ఎక్స్‌రే మాత్రమే. అంతకు ముందు ఆయాసంతో పని మానేసి ఊరికి వెళ్లిపోయినవాడికి దగ్గు, క్షయ, ఖర్మ, ఏదో ఒక పేరు దొరికే ఉంటుంది.

1930 నాటి వేలిముద్రల పుస్తకం గురించి కొంచెం ఆలోచించాలి. కంపెనీకి ఆ పుస్తకం కావలసింది మనిషిని అదుపులో పెట్టడానికి. అందుకే కూలీలు ఒప్పుకోలేదు, వాళ్లు చేసింది సరైన పనే. పదేళ్ల తర్వాత పరిహారం నిబంధనలు వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఏ గనిలో, ఎన్నేళ్లు, ఏ పని చేశావో రుజువు చేయగలిగినవాడికే డబ్బు. పుస్తకం ఒకటే. దాన్ని ఎవరు, ఎందుకు తెరుస్తారన్నదే తేడా. పెద్ద గని కాబట్టి కోలారు కూలీకి కనీసం హాజరుపట్టీ ఉంది, సంఘం ఉంది, ఆసుపత్రి ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1952 గనుల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించినప్పుడు, అవి మనసులో పెట్టుకున్నది ఇలాంటి పెద్ద గేట్లున్న పని చోట్లనే. 2001 ఫిబ్రవరి నెలాఖరుకు కోలారు గనులు మూతపడ్డాయి. అప్పటికి రాతి దుమ్ము ఎప్పుడో చిన్న షెడ్లలోకి మకాం మార్చేసింది.

అందులో ఒకటి పిల్లల పలకా బలపం వ్యాపారం. తెలుగునాట పలక అంటే మార్కాపురం. అక్కడి క్వారీల్లో నల్లటి పలకరాయిని పొరలు పొరలుగా చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లాడి పలక. రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చేదాకా ఎంతమంది ఓనమాలు దిద్దింది ఆ రాతి మీదే. బలపాలు రెండు రకాలు. తెల్లగా మెత్తగా ఉండే సుద్ద బలపం సబ్బురాయితో చేస్తారు, అందులో సిలికా స్ఫటికం తక్కువ. బూడిదరంగులో గట్టిగా ఉండే రాతి బలపం వేరు. దానికి పేరుపడ్డ చోటు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, ఆ పక్కనున్న ముల్తాన్‌పురా.

అక్కడ షెడ్డులో జరిగే పని చూడటానికి చిన్నదే. కరెంటుతో గిర్రున తిరిగే రంపం బిళ్ల. దాని ముందు మనిషి కూర్చుని రాతి పలకను నెడుతుంటాడు, సన్నటి పుల్లలుగా తెగి పడుతుంటాయి. రంపానికీ ముఖానికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. తెగిన ప్రతి గీతలోంచీ తెల్లటి పొడి ఎగురుతుంది, జుట్టు, కనుబొమలు, కనురెప్పలు తెల్లబడతాయి. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు అక్కడ 593 మందిని పరీక్షించి 1985లో ఫలితాలు అచ్చు వేశారు. 54.6 శాతం మందికి సిలికోసిస్ ఉంది, 17.7 శాతం మందిలో మచ్చలు కలిసిపోయి పెద్ద గడ్డలైపోయాయి. కోలారులో నలభై శాతం చేరడానికి దశాబ్దాల గని పని కావలసి వచ్చింది. మంద్‌సౌర్‌లో కుర్రవాళ్లే రోగులు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి చూస్తే జబ్బు జోరుగా ముదిరింది, కొందరు లేరు. లేనివాళ్ల సగటు వయసు ముప్ఫై అయిదేళ్ల దగ్గర. మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంతకుముందే, 1982లో, బలపం కార్మికుల కోసం ఒక సంక్షేమ నిధి చట్టం చేసింది. ఒక్క వస్తువు తయారుచేసే కూలీల కోసమే ఒక రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చిందంటే అక్కడి పరిస్థితి ఊహించుకోవచ్చు.

పలకరాయి దుమ్ము గురించి వేల్స్ దేశంలో ఒక విచిత్రమైన వాదం నడిచింది. అక్కడి క్వారీ కూలీల అనారోగ్యానికి కారణం దుమ్ము కాదని, వాళ్లు పొద్దస్తమానం మరిగి మరిగి నల్లబడ్డ టీ తాగుతారని, అదే ఒంటికి పడటం లేదని క్వారీ ఆసుపత్రి వైద్యులు కొందరు సాక్ష్యం చెప్పారు. 1922లో పెన్రిన్ క్వారీ వైద్యులైతే పలకరాయి దుమ్ము హాని చేయకపోగా మేలే చేస్తుందన్నారు! బ్రిటన్‌లో పలకరాయి కూలీలకు పరిహారం దక్కే చట్టం 1979 దాకా రాలేదు. ఆలోగా చాలా క్వారీలు మూతపడ్డాయి, కేసు పెడదామంటే యజమానే లేడు.

గుజరాత్‌లోని గోధ్రా, బాలాసినోర్ మిల్లుల్లో జరిగింది ఇంకా ఈ మధ్యది. అవి పలుగురాతిని పిండి చేసే మిల్లులు. ఆ పిండి గాజు తయారీకి వెళ్తుంది. మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పుర్, ఝాబువా కొండల నుంచి ఆదివాసీలు పంట లేని నెలల్లో అక్కడికి పనికి పోయేవారు. రాయిని మిల్లులో పోయడం, పిండిని జల్లించడం, బస్తాలకెత్తడం. కొన్ని నెలలు పనిచేసి వచ్చినవాళ్లు కూడా ఏడాది రెండేళ్లలో మంచం పట్టారు. గుర్తింపు కార్డు లేదు, హాజరుపట్టీలో పేరు లేదు. ఊళ్లలో తిరిగి ఎవరు ఏ మిల్లుకు వెళ్లారో, ఎవరు పోయారో రాసుకున్నది ఆదివాసీ సంఘాల కార్యకర్తలే. ఆ జాబితాలు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చేరాయి. చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు గుజరాత్ ఇవ్వాలని 2010 నవంబరులో కమిషన్ చెప్పింది. గుజరాత్ ఇవ్వలేదు. 2016 మేలో సుప్రీంకోర్టు ఇవ్వమని ఆదేశించింది. పని ఒక రాష్ట్రంలో, చావు ఇంకో రాష్ట్రంలో. మధ్యలో పడిన కాగితాల గొడవకే పదేళ్లు పట్టింది.

ఈ బాధ తెలుగువాళ్లకు అర్థం కానిది కాదు. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు ఎక్కడ తవ్వినా ‘పాలమూరు లేబర్’ అన్న మాట వినబడేది. గుంపు మేస్త్రి ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలను లారీ ఎక్కించుకుని వెళ్లేవాడు. తరతరాలుగా రాయి కొట్టిన వడ్డెర కులం సంగతి సరేసరి. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాల్సి ఉండేది, అందులో పని, కూలి, చోటు రాయాల్సి ఉండేది. అది నిజంగా ఇచ్చి ఉంటే చాలామంది వలస కూలీల ఎక్స్‌రేకు ఆధారం దొరికేది. పాస్‌బుక్కు చూసిన పాలమూరు కూలీ దొరికితే ఫొటో తీసి దాచుకోవాలి.

ఈ చిక్కుముడికి కొంత దారి చూపింది రాజస్థాన్. జోధ్‌పుర్, కరౌలీ, ధోల్‌పుర్ ఇసకరాతి క్వారీలు, సిరోహి జిల్లా పిండ్‌వాడాలో గుడుల కోసం రాయి చెక్కే షెడ్లు ఉన్న రాష్ట్రం అది. 2019 అక్టోబరులో ఆ ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. జబ్బు ఉందని వైద్య బోర్డు తేలిస్తే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు, నెలకు 1,500 పింఛను. డబ్బు కన్నా పెద్ద మార్పు ఇంకోటుంది. ఏ యజమాని దగ్గర పనిచేశావో రుజువు చూపించు అని కూలీ మెడ మీద కత్తి పెట్టకుండా, జబ్బునే ఆధారంగా తీసుకోవడం. సిలికోసిస్ గాలివాటున వచ్చేది కాదు కదా, దాదాపుగా రాతి దుమ్ములో పనిచేస్తేనే వస్తుంది. క్షయ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగినవాళ్లు అక్కడి బోర్డుల ముందుకు వరస కట్టారు.

ఈలోగా సిలికా వంటింట్లోకి వచ్చింది. పలుగురాయిని పిండి చేసి, రెసిన్ కలిపి, ఒత్తిడి పెట్టి పలకలుగా పోతపోస్తారు. మరక పట్టదు, రంగు ఒకేలా ఉంటుంది. గ్యాసు గట్టుకు వేయడానికి ‘క్వార్ట్జ్’ అని షోరూముల్లో అమ్ముతారు. మామూలు గ్రానైటులో సిలికా మూడో వంతు ఉంటే గొప్ప. ఇందులో తొంభై శాతం దాటుతుంది. 2012లో ఇజ్రాయెల్ వైద్యుడు మొర్దెచయ్ క్రేమర్ బృందం, ఊపిరితిత్తుల మార్పిడి కోసం తమ దగ్గరికి వచ్చినవాళ్లలో 25 మంది ఈ పలకలను కోసినవాళ్లేనని రాసింది. ఆస్ట్రేలియాలో ముప్ఫై, నలభై ఏళ్ల కుర్రాళ్లలో రోగులు బయటపడ్డారు. 2024 జులై 1 నుంచి ఆ దేశం ఈ రాయి తయారీ, అమ్మకం, వాడకం మొత్తంగా నిషేధించింది. ప్రపంచంలో మొదటి దేశం అదే. కాలిఫోర్నియా నిషేధించలేదు కానీ, 2023 డిసెంబరు నెలాఖర్లో అత్యవసర నిబంధనలు తెచ్చి పొడిగా కోయడాన్ని ఆపేసింది. నీళ్లు పోస్తూనే కోయాలి.

అచ్యుతాపురం సెజ్‌లోనూ, హైదరాబాద్ శివార్లలోనూ ఈ పలకలు తయారవుతున్నాయి, ఎక్కువ భాగం అమెరికాకే ఓడెక్కుతాయి. మన అపార్ట్‌మెంట్లలోనూ వీటి వాడకం పెరిగింది. పలక షోరూములో సైజుకు కోసి వచ్చినా, సింకు గుంతా, మూల వంపూ ఫ్లాటులోనే కోస్తారు. నాలుగు గోడల మధ్య, కిటికీ వేసి (పొడి పక్క ఫ్లాటులోకి పోతుందని), చేతి గ్రైండరుతో, నీళ్లు లేకుండా. ఇంటివాళ్లు డబ్బు ఇచ్చేది ఇంటీరియర్ కాంట్రాక్టరుకు, అతను ఇచ్చేది రాతి మేస్త్రికి. కోసినవాడు ఎవరని మేస్త్రిని అడిగితే ఫోన్‌లో ఒక నంబరు ఉంటుంది, పేరు దగ్గర ‘కటింగ్’ అని.